లెక్క వద్దు, టైరును చూడండి

రోడ్డు సైకిలు టైరు ఎప్పుడు మార్చాలంటే చాలామంది కిలోమీటర్ల లెక్క చెబుతారు. ఆ లెక్కను నమ్ముకోకూడదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన సోలార్ సైకిల్ ట్రాక్ మీద, కంకర తేలిన గల్లీలో ఒకే టైరు ఒకేలా అరగదు. తొక్కేవారి బరువు, టైరులో గాలి, ఎండ కూడా తేడా తెస్తాయి. టైరునే చూడాలి. గుండ్రంగా ఉండాల్సిన నడిమి భాగం చదునైతే రబ్బరు పలచబడినట్టే. కాంటినెంటల్ కంపెనీ రోడ్డు టైర్లు కొన్నింటిపై రెండు చిన్న గుంటలు ఉంటాయి. అవి మాయమైతే మార్చాలి. చక్రాన్ని మెల్లగా తిప్పుతూ వెతికితే గాట్లలో దిగిన గాజు పెంకులు, పక్కల పగుళ్లు బయటపడతాయి. లోపలి దారాలు తేలినా, ఎక్కడైనా ఉబ్బినా ఇక ఆ టైరు మీద ఒక్క రోజు కూడా తొక్కకూడదు.

మంచి టైరు ఖరీదైనదే, పంక్చర్లు వేయించుకుంటూ నెట్టుకురావచ్చు కదా అంటారు. పంక్చరు అతుకు ట్యూబుకే, టైరు బలహీనతకు కాదు. పైన గీతలు చెరిగాయని మాత్రం కంగారు పడి డబ్బు తగలేయక్కర్లేదు. సన్నటి సైకిలు టైరు తడి రోడ్డు మీద కారు టైరులా నీటిపై తేలదు, నున్నటి టైరూ పట్టు ఇస్తుంది. ఎక్కువ బరువూ, తొక్కుడు బలమంతా పడేది వెనక చక్రం మీదే కాబట్టి ఆ టైరే త్వరగా అరుగుతుంది. పొదుపు కోసం దాన్ని ముందుకు మార్చడం ప్రమాదం. ముందు చక్రం జారితే నిలదొక్కుకోవడం దాదాపు అసాధ్యం. కొత్తది ముందుకు, ముందుదాన్ని వెనక్కి వేయాలి.