పాత ఓడ మునిగింది, కొత్త ఓడకు స్వాగతం: ప్రపంచ నంబర్ వన్ షిప్పింగ్ కంపెనీ ఎంఎస్‌సీ లెక్క ఏంటి?

2025 మే 25న కేరళ తీరానికి దూరంగా, అరేబియా సముద్రంలో ‘ఎంఎస్‌సీ ఎల్సా 3’ అనే కంటైనర్ ఓడ మునిగిపోయింది. విళింజం ఓడరేవు నుంచి కొచ్చి వెళుతూ ఒరిగిపోయిన ఆ ఓడలో 640 కంటైనర్లు ఉన్నాయి. సిబ్బంది 24 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. సరిగ్గా 15 రోజులకు, జూన్ 9న, అదే కంపెనీకి చెందిన ‘ఎంఎస్‌సీ ఇరినా’ అదే విళింజం రేవుకు వచ్చింది. ప్రపంచంలోనే అతి పెద్ద కంటైనర్ ఓడల్లో ఒకటైన దానికి నీళ్లు చిమ్మి మరీ స్వాగతం పలికారు.

మునిగింది, స్వాగతం అందుకుంది రెండూ ఒకే కంపెనీవి. ఆ కంపెనీ ఎలా పెరిగిందో తెలిస్తే ఈ రెండు సంఘటనల మధ్య లింకు అర్థమవుతుంది.

ఒక్క సెకండ్ హ్యాండ్ ఓడతో మొదలు

మెడిటరేనియన్ షిప్పింగ్ కంపెనీ, అంటే ఎంఎస్‌సీని, 1970లో ఇటలీకి చెందిన కెప్టెన్ జాన్‌లుయిజీ అపోంటే ప్రారంభించారు. మొదటి ఓడ ‘ప్యాట్రిషియా’. అప్పటికే వాడిన ఓడ అది. మరుసటి ఏడాది రెండో ఓడ కొని దానికి భార్య ‘రఫేలా’ పేరు పెట్టారు. మధ్యధరా సముద్రం, తూర్పు ఆఫ్రికా మధ్య సరుకు రవాణాతో నిలదొక్కుకున్నారు. 1978 నుంచి ప్రధాన కార్యాలయం జెనీవాలో ఉంది. స్విట్జర్లాండ్‌కు సముద్రమే లేదు, కానీ ప్రపంచ సముద్రాల మీద పెద్ద కంపెనీ అక్కడి నుంచే నడుస్తోంది!

2022 జనవరిలో డెన్మార్క్‌కు చెందిన మర్స్క్‌ను దాటి ఎంఎస్‌సీ మొదటి స్థానానికి చేరింది. నేడు కంపెనీ నడిపే ఓడలు 900 దాటాయి. ప్రపంచ కంటైనర్ ఓడల సామర్థ్యంలో సుమారు ఐదో వంతు ఈ ఒక్క కంపెనీ చేతిలోనే ఉంది. 2022 చివర్లో బొల్లోరె గ్రూప్ ఆఫ్రికా లాజిస్టిక్స్ వ్యాపారాన్ని 570 కోట్ల యూరోలకు కొనేసింది. మర్స్క్‌తో పదేళ్ల ‘2ఎం’ పొత్తు 2025 ఆరంభంలో ముగిసింది. ఇప్పుడు ప్రధాన రూట్లలో చాలావరకు సొంతంగానే నడుస్తోంది.

ఇంత పెద్దదైనా ఇది స్టాక్ మార్కెట్‌లో లేదు. అపోంటే కుటుంబం చేతిలోని ప్రైవేటు సంస్థ. మర్స్క్ ప్రతి మూడు నెలలకూ లాభనష్టాలు చెప్పాలి. ఎంఎస్‌సీకి ఆ బాధ్యత లేదు. నిర్ణయాలు వేగంగా తీసుకోగలగడం దాని బలం. బయటివాళ్లకు లెక్కలు కనిపించకపోవడం దాని మరో ముఖం.

కొత్తవీ ఉన్నాయి, పాతవీ ఉన్నాయి

2023లో వచ్చిన ఇరినా పొడవు దాదాపు 400 మీటర్లు. సామర్థ్యం 24,346 టీఈయూలు. టీఈయూ అంటే 20 అడుగుల కంటైనర్ ఒకటి అన్నమాట. ఇలాంటి కొత్త ఓడలకు ఆర్డర్లు ఇస్తూనే, 2020 తర్వాత కంపెనీ వందల సంఖ్యలో పాత ఓడలను కొంది. కరోనా కాలంలో రవాణా చార్జీలు ఆకాశాన్నంటినప్పుడు ఏ ఓడ దొరికినా డబ్బే కదా! కొత్త ఓడ కట్టాలంటే రెండు మూడేళ్లు ఆగాలి. పాతది కొంటే వెంటనే నడపొచ్చు.

పెద్ద ఓడలు పెద్ద రేవులకే వస్తాయి. అక్కడి నుంచి చిన్న రేవులకు సరుకు చేర్చేది చిన్న ఫీడర్ ఓడలు. చాలాసార్లు పాత ఓడలు చేరేది ఈ పనికే. ఎల్సా 3 తయారైంది 1997లో. మునిగేనాటికి దాని వయసు 28 ఏళ్లు.

నష్టం ఎవరి ఖాతాలో?

ఎల్సా 3లో 13 కంటైనర్లలో ప్రమాదకర సరుకు, వాటిలో 12 కంటైనర్లలో కాల్షియం కార్బైడ్ ఉన్నాయి. ప్లాస్టిక్ గుళికలు తిరువనంతపురం తీరానికి కొట్టుకొచ్చాయి. ఓడ మునిగిన చోటికి చుట్టుపక్కల వేటకు వెళ్లొద్దన్నారు. చేపల్లో విషం ఉందేమోనన్న భయంతో జనం కొనడం తగ్గించారు. రోజు కూలి పోయింది మత్స్యకారులకే.

కేరళ ప్రభుత్వం 9,531 కోట్ల రూపాయల పరిహారం కోరుతూ హైకోర్టుకు వెళ్లింది. రేవులో ఉన్న అదే గ్రూపు ఓడ ‘ఎంఎస్‌సీ అకిటెటా 2’ను కోర్టు ఆపించింది. 2025 సెప్టెంబర్‌లో 1,227.62 కోట్లకు సెక్యూరిటీ ఇవ్వాలని చెప్పింది. ఇది తుది పరిహారం కాదు, కేసు తేలేదాకా పెట్టాల్సిన హామీ మాత్రమే. అడిగినదాంట్లో అది సుమారు ఎనిమిదో వంతు.

ఓడ నిలబెట్టకపోతే ఆ హామీ కూడా వచ్చేది కాదేమో. ఎందుకంటే ఓడ జెండా లైబీరియాది, కంపెనీ ఆఫీసు జెనీవాలో, నష్టం కేరళలో. ఎవరిని ఎక్కడ అడగాలన్నదే సగం పోరాటం.

తెలుగు రాష్ట్రాలకు ఈ కథ దూరం కాదు. ఆంధ్రా రొయ్యలు అమెరికా వెళ్లేది ఇలాంటి కంపెనీల శీతల కంటైనర్లలోనే. 2023 చివర్లో హౌతీల దాడులతో ఓడలు ఎర్ర సముద్రం వదిలి ఆఫ్రికా చుట్టూ తిరిగినప్పుడు చార్జీలు పెరిగాయి. 2024 ఏప్రిల్‌లో హోర్ముజ్ జలసంధి దగ్గర ఇరాన్ పట్టుకున్న ‘ఎంఎస్‌సీ ఏరీస్’ సిబ్బంది 25 మందిలో 17 మంది భారతీయులే.

విశాఖ తీరంలోనూ కంటైనర్లు దిగుతాయి, పక్కనే మత్స్యకారులు బతుకుతారు. రేవుకు వచ్చే ఓడ ఎంత పెద్దదని సంబరపడటం తప్పు కాదు. దానితో పాటు ఆ ఓడ వయసెంత, లోపల ఏముంది, ఏదైనా జరిగితే ఎవరు కడతారు అనేవి ముందే అడగాలి. కేరళ ఆ మూడు ప్రశ్నలనూ ఓడ మునిగాక అడగాల్సి వచ్చింది.