ఫలజ్ గట్టుకు సిమెంటు పూత ఎందుకు?

ఒమన్‌లో ఊట నీటిని ఊరిదాకా తెచ్చే కాలువను ఫలజ్ అంటారు. అలాంటివి ఇప్పటికీ మూడు వేల దాకా పారుతున్నాయి. నిజ్వాలోని దారిస్ సహా ఐదింటిని యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటికి పాతకాలం పూత సారూజ్. బంకమట్టిని ఎండబెట్టి, ఖర్జూరపు మొద్దులతో రోజుల తరబడి కాల్చి, దంచి, సున్నంతో కలిపి మెదుపుతారు. ఇటుక పొడితో చేసే మన సుర్ఖీకి చుట్టమే. ఇప్పుడు గట్టు కాస్త పగిలితే చాలు, సిమెంటు బస్తా దిగుతుంది. ఈ అలవాటు మానాలంటాను, పాతదంటే మోజుండి కాదు, రసాయనం లెక్క చూసి.

సిమెంటులోనైనా సారూజ్‌లోనైనా పట్టునిచ్చే ముఖ్యమైన జిగురు కాల్షియం సిలికేట్ హైడ్రేట్. అమరికలో దానికి దగ్గరి ఖనిజం టోబర్మొరైట్, స్కాట్లండ్‌లోని టోబర్మోరీ పట్నం పేరు పెట్టుకున్నది. దాని నిర్మాణం పూతరేకులా పొరలు పొరలు. ఒక్కో రేకు నడుమ కాల్షియం, ఆక్సిజన్ల పలక, దానికి రెండు వైపులా సిలికేట్ గొలుసులు, రేకుకూ రేకుకూ మధ్య నీరు. నీరు నిండుగా ఉంటే రేకుల ఎడం 14 ఆంగ్‌స్ట్రామ్‌లు, వేడికి కొంత పోతే 11, ఇంకా పోతే 9. ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లో వంతు. నిండుగా నీరున్న రకంలో ఆరు సిలికాన్లకు ఐదు కాల్షియాలు, అంటే నిష్పత్తి 0.83. పోర్ట్‌లాండ్ సిమెంటు జిగురులో అది సుమారు 1.7, రెట్టింపు. ఆ కాల్షియమంతా సున్నపురాయి నుంచి రావాల్సిందే. వంద కిలోల స్వచ్ఛమైన రాయి కాలిస్తే 44 కిలోలు కార్బన్ డయాక్సైడై గాల్లో కలుస్తుంది. కాల్చిన మట్టి సున్నంతో కలిసి కట్టే జిగురుకు సాధారణంగా ఇంత కాల్షియం అక్కర్లేదు. మట్టికి 700-800 డిగ్రీల వేడి చాలు, సిమెంటు బట్టీకి 1450 కావాలి.

సిమెంటు జిగురు సరైన స్ఫటికమే కాదు, ఖనిజంతో పోలికేమిటని అడగవచ్చు. నిజమే, అందులో గొలుసులు తెగి చెదిరి ఉంటాయి. కానీ కాల్షియం పాళ్లు లెక్కించడానికి స్ఫటికం చక్కగా ఉండనక్కర్లేదు. సారూజ్‌తో మస్కట్ మేడలు లేస్తాయా? లేవవు. అది నెమ్మదిగా బిగుస్తుంది, మట్టి మారితే గుణమూ మారుతుంది. కాల్షియం తగ్గితే కాంక్రీటులో క్షారగుణం తగ్గి ఇనుప చువ్వలకు తుప్పు తొందరగా పడుతుందన్నది మాత్రం గట్టి అభ్యంతరం. అయితే పాత ఫలజ్‌లో చువ్వలెక్కడివి? పైగా బిరుసైన సిమెంటు పూత మెత్తని పాత కట్టుతో కలిసి కదలదు, పెళ్లలుగా ఊడుతుంది. మేడలకు మధ్యేమార్గం ఎల్‌సీ3 అనే సిమెంటు ఉంది: సగం క్లింకర్ (సిమెంటు బట్టీలో కాలిన గడ్డ), 30 శాతం కాల్చిన మట్టి, 15 శాతం కాల్చని సున్నపురాయి, మిగతాది జిప్సం. దానిమీద స్విట్జర్లాండ్ పరిశోధకులతో పాటు మన ఢిల్లీ, మద్రాసు ఐఐటీలూ పనిచేశాయి. ఖర్జూరపు మొద్దుల పొగనే కొనసాగించమని నేననను, మట్టిని ఏ మంచి బట్టీలోనైనా కాల్చవచ్చు. కాంట్రాక్టు ఇచ్చేముందు పాత పూత పెళ్ల ఒకటి ప్రయోగశాలకు పంపి, అందులో మట్టెంతో సున్నమెంతో తేల్చుకుంటే చాలు. 1591లో సున్నపు గచ్చుతో కట్టిన చార్మినార్‌కైనా మనం కోరాల్సింది ఇదే.