ఫ్యాన్ వేస్తే ఎగిరిపోతాయి!

మే నెల మధ్యాహ్నం. భోగాపురంలో మా అక్క కూతురింట్లో ఒకటే ఉక్క. అయినా హాల్లో ఫ్యాన్ తిరగడం లేదు. అమ్మాయి మాత్రం చెమటలు కారుతున్నా నేల మీద కూర్చుని, నల్లరంగు వేసిన పళ్లెంలో చిటికెడు ఇసుక పోసి, తడి బ్రష్‌తో ఏదో ఏరుతోంది.

‘‘కరెంటు లేదా ఏమిటే?’’ అన్నాను.

‘‘ఉంది పిన్నీ. ఫ్యాన్ వేస్తే గుల్లలు ఎగిరిపోతాయి.’’

నాకేమీ కనబడలేదు. వంటింట్లోంచి వాళ్ల అత్తగారు అందుకున్నారు. ‘‘బియ్యంలో రాళ్లేరమంటే కళ్లు లాగుతున్నాయంటాది. ఇసకలో ఏటేరతాదో మరి!’’

డిగ్రీలో భూగర్భశాస్త్రం చదివిన పిల్ల. పీజీ సీటొచ్చేసరికి పెళ్లి, ఆ వెంటనే పాప. రోజూ విశాఖ వెళ్లిరావడం కుదరక మానేసింది. ఇప్పుడు పాప బడికెళ్తోంది. 2017లో కేంద్రం మొదలుపెట్టిన ‘స్వయం’లోనూ, విదేశీ విశ్వవిద్యాలయాల వీడియోల్లోనూ పాఠాలు వింటోంది. అలా వింటూ వింటూ సూక్ష్మశిలాజాల దగ్గర ఆగిపోయింది.

ఆ గుల్లల పేరు ఫోరామినిఫెరా. ఒకే ఒక్క కణమున్న సముద్రజీవి కట్టుకున్న ఇల్లన్నమాట. చాలావాటి సైజు మిల్లీమీటరులోపే. జీవి చచ్చిపోతే ఇల్లు సముద్రం అడుగుకు చేరుతుంది. ఒక్కో యుగంలో ఒక్కో రకం బతికింది కాబట్టి, గుల్లను చూసి రాతి వయసు చెప్పొచ్చు. చమురు బావి తవ్వేటప్పుడు పైకొచ్చే రాతిపొడిలో పెద్ద ఎముకలుంటే నుజ్జవుతాయి. ఇవి మాత్రం చిన్నవి కాబట్టే సాబూతుగా వస్తాయి. అందుకే చమురు కంపెనీలకు ఇవంటే అంత గౌరవం.

మన రాజమండ్రి కథ ఇంకా గొప్పది. అక్కడి నల్లరాతి క్వారీల్లో రెండు లావా పొరల మధ్య సముద్రపు మట్టి పొర ఉంది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్టా కెల్లర్ బృందం అందులోని ఈ గుల్లల్ని పరిశీలించింది. కింది లావా పారడం ఆగింది రమారమి డైనోసార్లు అంతరించిన కాలంలోనేనని, అంటే సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటని 2008లో ప్రకటించింది. సాక్ష్యం చెప్పింది ఇసుకరేణువంత గుల్లలు!

మా అమ్మాయి పళ్లెంలోవి అంత పాతవేం కాదు. చంపావతి సముద్రంలో కలిసే కోనాడ వైపు నుంచి తెచ్చుకున్న బురదను నానబెట్టి, సన్న జల్లెడలో కడిగి ఆరబెట్టింది. ‘‘వీటిని శిలాజాలనకూడదు పిన్నీ, నిన్నమొన్నటివి. చూపు అలవాటు కావడానికి’’ అంది.

ఆ చూపు దగ్గరే వచ్చింది చిక్కు. పాఠంలో బొమ్మ చక్కగా తిరిగి కూర్చుని ఉంటుంది. పళ్లెంలో గుల్ల బోర్లా పడి ఉంటుంది. పేరు చెప్పాలంటే రెండు వైపులా, అంచూ చూడాలి. తడి బ్రష్‌తో దాన్ని తిప్పడం ఏ వీడియో నేర్పుతుంది? పక్కన కూర్చుని ‘అలా కాదమ్మా’ అనే మాస్టారుండాలి, మంచి మైక్రోస్కోపుండాలి. తను ఫొటో తీసి పంపితే, అవతలి నుంచి వచ్చే జవాబు తరచూ ఒకటేనట: ‘రెండోవైపు చూపించు.’

ప్రయోగశాల తప్పనిసరైన డిగ్రీని పూర్తిగా ఆన్‌లైన్లో ఇవ్వకూడదని 2018లోనే యూజీసీ నిబంధన పెట్టింది. స్వయం కోర్సుల క్రెడిట్లను 40 శాతం దాకా కలుపుకోవచ్చని 2021లో చెప్పింది గానీ, అది కాలేజీలో చేరినవాళ్ల మాట. నిబంధన తప్పని నేననను. బొమ్మలు మాత్రమే చూసినవాళ్ల చేతికి బావి మట్టిని ఎవరిస్తారు? కానీ పాఠం ఇంట్లో వినేసి, వేసవిలో ఒక నెల ప్రయోగశాలకు రమ్మంటే ఈ పిల్ల పరుగెత్తుకుంటూ వెళ్తుంది. విశాఖ ఏమంత దూరమని? అక్కడి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణపతి, సత్యవతి బంగాళాఖాతం అడుగు మట్టిలోని ఈ గుల్లల మీదే 1958లో పరిశోధన ప్రచురించారు. ఇంటి బాధ్యతల మధ్య చదువు ఆగిపోయిన ఆడపిల్లలు మన ఊళ్లలో ఇంకెందరున్నారో!

నేను బయల్దేరుతుంటే ‘‘దొరికింది’’ అని అరిచింది. భూతద్దంలో చూశాను. తెల్లగా, చుట్టలు చుట్టుకుని, నత్తగుల్ల పిల్లలా ఉంది.

‘‘ఏదీ, నన్ను చూడనీ’’ అంటూ అత్తగారొచ్చారు. చూసి, కాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి వెళ్లి వంటింటి ఫ్యాన్ కూడా ఆపేశారు.