మీటరు మారింది సరే, తాళం మారిద్దా?

మొన్న గవర్నర్‌పేటలో మా బాబాయి కొడుకు కొట్టుకి వెళ్ళా. గోడకి కొత్త స్మార్ట్ మీటరు బిగించి ఉంది. "బిల్లు ఎట్టా వస్తందిరా?" అని అడిగా. వాడు నవ్వి, "బిల్లు సంగతి తర్వాత అన్నా. ఇదివరకు డబ్బు కట్టకపోతే లైన్‌మన్ వచ్చేవాడు. రెండ్రోజులు ఆగన్నా అని బతిమాలుకునేవాళ్ళం. ఇప్పుడు ఆఫీసులో కూర్చుని తీసేస్తారంట. ఎవర్ని బతిమాలాలి?" అన్నాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. లైన్‌మన్ అంటే మనకి తెలిసిన మొహం. ఇప్పుడు ఆ పని చేసేది గాల్లో వచ్చే ఒక సందేశం. అది నిజంగా కరెంటాఫీసు నుంచే వచ్చిందని మీటరుకి ఎట్టా తెలిసిద్ది?

2021లో కేంద్రం ఆర్‌డీఎస్‌ఎస్ అనే పథకం తెచ్చి, దేశమంతా 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు పెడతామంది. మన దగ్గర బిల్లుల భారం మీద, ప్రైవేటు కంపెనీల లాభాల మీద ఎర్రజెండా పార్టీలు రోడ్డెక్కాయి. జనం అనుమతి లేకుండా మీటర్లు పెట్టొద్దని 2025 జులైలో ఇంధన మంత్రి గొట్టిపాటి రవికుమార్ చెప్పాల్సి వచ్చింది. ఆ పోరాటం న్యాయమైందే. కానీ అందులో ఒక ప్రశ్న మనం అడగనే లేదు. అది తాళం ప్రశ్న.

డెల్టా పిల్లలకి ఇది కాలవ లెక్కలో చెప్తే తేలిగ్గా అర్థమయ్యిద్ది. లాకుల దగ్గర లస్కరు ఉన్నాడనుకోండి. పైనుంచి ముద్రేసిన చీటీ వస్తేనే షట్టరు ఎత్తుతాడు. ఎవడో నిన్నటి చీటీ దాచి ఇయ్యాల మళ్ళీ చూపిస్తే? అందుకే చీటీకి వరస నంబరు ఉండాలి. పాత నంబరుతో వస్తే లస్కరు పొమ్మంటాడు. మరి ముద్రే దొంగ చేతిలో పడితే? అందుకే ముద్రని అప్పుడప్పుడూ మార్చాలి. ఇంకా పెద్ద ప్రమాదం ఒకటుంది. డెల్టాలో ఉన్న లాకులన్నిటికీ ఒకటే ముద్ర పెడితే, ఒక్కచోట పోయిన ముద్ర అన్ని షట్టర్లూ ఎత్తిస్తది. కాబట్టి ఏ లాకు ముద్ర ఆ లాకుదే కావాలి.

మీటరు కథ కూడా అచ్చం ఇదే. ముద్ర అంటే రహస్య కీ. మీ ఫోనుకి వచ్చే ఓటీపీ ఒకసారి వాడాక చచ్చిపోతది చూడండి, వరస నంబరు చేసే పని కూడా అట్టాంటిదే.

ఊరికే భయపెడుతున్నానని అనుకోవద్దు. 2014లో స్పెయిన్‌లో ఇద్దరు పరిశోధకులు అక్కడ లక్షల ఇళ్ళలో ఉన్న రకం మీటరొకటి విప్పి, చిప్పులోంచి రహస్య కీ బయటికి లాగారు. దాంతో బిల్లు తారుమారు చెయ్యొచ్చు, కరెంటు తీసెయ్యొచ్చు అని లోకానికి చూపించారు. 2016లో మిరాయ్ అనే వైరసు ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డులు మార్చని సీసీ కెమెరాల్ని, రూటర్లని లక్షల్లో పట్టుకుంది. వాటన్నిటినీ ఒకేసారి ఉసిగొల్పితే అక్టోబరు 21న అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ గంటల తరబడి మూలనపడ్డాయి. దాని దగ్గరున్న ఆయుధం అరవై చిల్లర పాత పాస్‌వర్డుల జాబితా, అంతే.

మన దేశంలో కాయితం మీద నియమాలు బానే ఉన్నాయి. మీటర్ల సంభాషణకి ఐఎస్ 15959 అనే ప్రమాణం ఉంది. సందేశానికి 128 బిట్ల తాళం, వరస లెక్క, దూరం నుంచే కొత్త కీ పంపి పాతది తీసేసే ఏర్పాటు, అన్నీ ఈ పద్ధతిలో ఉన్నాయి. కానీ ఏర్పాటు ఉండటం వేరు, దాన్ని వాడటం వేరు. ఇంటికి తాళం ఉన్నా, చెవి గుమ్మం పైన పెట్టి పోతే ఏం లాభం? పైగా మీటర్లు పెట్టేదీ, ఏళ్ళ తరబడి నడిపేదీ ప్రైవేటు కంపెనీ. రేపు కాంట్రాక్టు మారితే పాత కంపెనీ చేతిలో ఉన్న తాళాల సంగతేంటి?

"అన్నా, మన దగ్గర ఇంతవరకూ ఏం జరగలేదుగా" అంటారేమో. 2024 సెప్టెంబరుకి ముందు బుడమేరు గురించీ చాలామంది అట్టానే అన్నారు. గండి పడ్డాక సింగ్‌నగర్ మునిగింది. కట్ట చూసుకోవాల్సింది వరదకి ముందు.

అందుకని తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, రెండు పనులు చెయ్యండి.

మొదటిది మన ఇంట్లో. సీసీ కెమెరా కొన్నరోజే పాస్‌వర్డు మార్చండి. పొలంలో మిస్డ్ కాల్‌తో ఆన్ అయ్యే మోటారు స్టార్టరు ఉంటే, అది మీ నంబరు చూసి మాత్రమే నమ్ముతుందా, రహస్య కోడ్ అడుగుద్దా కనుక్కోండి. ఫోన్ నంబరుని దొంగగా చూపించొచ్చు. నంబరు పేరు లాంటిది, అది తాళం కాదు.

రెండోది ఊరి తరఫున. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి డిస్కంకి అర్జీ పెట్టండి. ప్రతి మీటరుకీ వేరే కీ ఉందా? కీలు ఎన్నాళ్ళకోసారి మారుస్తున్నారు? అవి కంపెనీ చేతిలోనా, డిస్కం చేతిలోనా? కాంట్రాక్టు అయిపోతే అన్నీ మారుస్తారా? దొంగ సందేశంతో కరెంటు పోతే నష్టం ఎవరు కట్టాలి? ముప్పై రోజుల్లో జవాబివ్వాలని చట్టం. భద్రత అని సాకు చెప్తే ఒకటే మాట అనండి: మేం తాళంచెవి అడగట్లేదు, దానికి కాపలా ఉందా అని అడుగుతున్నాం.

మా వాడి ప్రశ్న ఇంకా అట్టానే ఉంది, ఎవర్ని బతిమాలాలి అని. బతిమాలటం కాదురా, నిలదియ్యటం నేర్చుకుందాం అని చెప్పొచ్చా. మా కొట్టు అర్జీ ఈ వారమే పెడతన్నాం. మీరూ పెట్టండి.