తీరజలములు - మన నామములు

మన తీరపట్టణముల పేర్లు లాటిను వేషము దాల్చి ప్రపంచశాస్త్రమున స్థిరపడినవి. హైదరాబాదునందలి డాక్టరు శశికళ, డాక్టరు వెంకటరమణ గారల బృందము మన తీరజలములందు కనుగొనిన బాక్టీరియాలకు 2007లో రోడోవులం విశాఖపట్నమెన్సె, మారిక్రోమాటియం భీమ్లికం అని నామకరణము చేసినది. ఇవి సూర్యరశ్మి బలమున జీవింపగలవు. చెట్లవలె ప్రాణవాయువును మాత్రము విడువవు. నూతనజాతి యనిపించుకొనుటకు సజీవమగు మూలబీజమును రెండు దేశముల భాండాగారములందు భద్రపరుపవలయునని నియమము. ఇంతటి శ్రమకు ప్రభుత్వము నిరంతరము ధనసహాయము చేయవలెనని మా కోరిక. రొయ్యల చెరువుల మురుగును శుద్ధిచేయక కడలిలోనికి వదలు భూస్వాములకును బాధ్యత గలదు. పేరిడకమున్నే జీవి నశించినచో, పోయినదేమో మన మెరుగజాలము.