రాత్రి తొమ్మిదింటికి స్పీడెంత?

గాలిలో వచ్చే నెట్‌కి నెలనెలా డబ్బు కట్టడం మాకు డాంగిల్ రోజుల నుంచీ అలవాటు. అప్పట్లో సీడీఎంఏ డాంగిల్ ప్రకటనల్లో 3.1 ఎంబీపీఎస్ అని పెద్ద అక్షరాల్లో వేసేవారు. అంత స్పీడు మా ఇంట్లో ఏ మూలా కనిపించేది కాదు. యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరొకటి కొని, డాంగిల్‌ని కిటికీ ఊచకి రబ్బరు బ్యాండుతో కట్టి, జల్లు కొట్టినప్పుడు దానికి పాల ప్యాకెట్టు కవరు తొడిగితే, రైలు టికెట్టు బుక్ చేసుకునేంత నెట్ వచ్చేది. తత్కాల్ మాత్రం కాదులెండి.

తర్వాత చాలా మారింది. 2016 సెప్టెంబరులో జియో దిగాక డేటా ధర పడిపోయింది. నెలకి ఒక జీబీని పొదుపుగా వాడుకున్న ఇళ్లే రోజుకి ఒకటిన్నర జీబీ చాలట్లేదని గొణగడం మొదలెట్టాయి. 2022 అక్టోబరులో 5జీ వచ్చింది. మరుసటి ఏడాది నుంచి ఎయిర్‌ఫైబర్ పేరుతో డాబా మీద ఒక డబ్బా, హాల్లో ఒక రౌటర్ పెట్టి, వీధిలో కేబుల్ లాగకుండానే బ్రాడ్‌బ్యాండ్ అమ్ముతున్నారు. పేరులో ఫైబర్ ఉంది కానీ టవర్‌కీ డాబాకీ మధ్య ఉన్నది గాలే. ప్రభుత్వ లెక్కలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే 2004లో కనీసం 256 కేబీపీఎస్ ఉంటే చాలు. 2023లో దాన్ని 2 ఎంబీపీఎస్ చేశారు. ఎన్ని మారినా రాత్రి తొమ్మిదింటి అవస్థ మాత్రం మారలేదు.

మా ఇంటికి ఆ డబ్బా బిగించడానికి వచ్చిన కుర్రాడు పనిమంతుడే. పొద్దున పదకొండింటికి డాబా ఎక్కి, పైపుకి క్లాంపు వేసి, డబ్బాని అటూ ఇటూ తిప్పి టవర్ వైపు సరిగ్గా పెట్టాడు. కిందకొచ్చి ఫోన్లో స్పీడ్ టెస్ట్ కొట్టాడు. ముల్లు వందకి చేరింది. ‘‘చూశారా సార్’’ అని స్క్రీన్‌షాట్ తీసుకుని, ఓటీపీ అడిగి వెళ్లిపోయాడు. అబద్ధమేం కాదు, పదకొండింటికి నిజంగానే వంద వస్తుంది. ఆ వేళ పిల్లలు బళ్లోనూ పెద్దలు ఆఫీసుల్లోనూ ఉంటారు. రాత్రి తొమ్మిదయ్యేసరికి, అందులోనూ ఐపీఎల్ రోజుల్లో, అదే ముల్లు పది దగ్గర తచ్చాడుతుంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే రౌటర్ ఆపి మళ్లీ వేయమంటారు. వేస్తాం. ఈలోగా ఓవర్ అయిపోతుంది.

రౌటర్‌లో లోపమేం లేదు. టవర్ మీదున్న ఒక్కో యాంటెన్నా తన దిక్కున ఉన్నవాళ్లందరికీ కలిపి ఇంతే డేటా ఇవ్వగలదు. ఎంతన్నది కంపెనీ వేలంలో కొన్న స్పెక్ట్రమ్‌ని బట్టి ఉంటుంది. షేర్ ఆటో వ్యవహారమే ఇది. స్టాండులో ఎక్కినప్పుడు సీటంతా మనదే. ఊరు దాటేలోపు డ్రైవరు పక్కన కూడా ఇద్దరు కూర్చుంటారు, ఛార్జీ మాత్రం తగ్గదు. పైగా 5జీకి మన దగ్గర ఎక్కువగా వాడే 3,300 మెగాహెర్ట్జ్ తరంగాలు డేటా బాగానే మోస్తాయి గానీ కాంక్రీటు గోడ దాటడానికి అవస్థ పడతాయి. డబ్బా డాబా ఎక్కింది అందుకే. 700 మెగాహెర్ట్జ్ తరంగాలు గోడలు దాటతాయి, మోసేది తక్కువ. వీటికి ఎవర్నీ తిట్టలేం.

నా పేచీ వేరే. ఏ టవర్ మీద ఏ గంటకి ఎంత రద్దీ ఉందో కంపెనీల దగ్గర లెక్క ఉంటుంది. కొత్త టవర్ ఎక్కడ వేయాలో తేల్చుకునేది ఆ లెక్కతోనే. డబ్బు కట్టే మనకి మాత్రం దాన్ని చూపించరు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 నాణ్యతా నిబంధనల వల్ల కవరేజీ మ్యాపులు సైట్లలో పెట్టారు, మంచిదే. కానీ మ్యాపులో మన వీధికి రంగు పడిందంటే అక్కడ సిగ్నల్ ఉందని అర్థం. సినిమా ఆగకుండా ఆడుతుందని కాదు. అదే మ్యాపులో రాత్రి ఎనిమిదికీ పదకొండుకీ మధ్య సగటున ఎంత వస్తోందో కూడా వేయడానికి కొత్త యంత్రాలేం అక్కర్లేదు. వేస్తే, అప్పటికే నిండిన టవర్ కింద ఇంకో వంద కనెక్షన్లు అమ్మడం కష్టమని భయమేమోనని నా అనుమానం.

గట్టిగా చెబితే కంపెనీలు వింటాయి. నెలంటే 28 రోజులే అన్నట్టు రీచార్జిలు నడిచినన్నాళ్లూ ఏడాదికి పదమూడుసార్లు కట్టాం. 2022 జనవరిలో ట్రాయ్ ఆదేశించాక 30 రోజుల ప్లాన్లు, ప్రతి నెలా అదే తేదీకి రెన్యూ అయ్యే ప్లాన్లు కూడా వచ్చాయి. 28 రోజులవి పోలేదనుకోండి, కనీసం ఎంచుకునే వీలు దొరికింది. కోటా అయిపోయాక 64 కేబీపీఎస్ ఇచ్చి దాన్నీ అన్‌లిమిటెడ్ అనడం సంగతి ఇంకా ఎవరూ తేల్చలేదు. ఆ స్పీడులో ఒక ఎంబీ ఫొటో దిగడానికి రెండు నిమిషాలు దాటుతుంది.

ఇంత చెప్పి కనెక్షన్ పీకించేశావా అంటే, లేదు. అద్దె ఇల్లు మారినప్పుడు కేబుల్ వాళ్ల చుట్టూ తిరిగే బాధ దీంతో తక్కువ. కోనసీమలో మా చుట్టాల ఊళ్లో ఈదురుగాలికి కొబ్బరి మట్ట పడి కేబుల్ తెగిందంటే, అతికేవాడు వచ్చేదాకా ఈ డబ్బానే దిక్కు, కరెంటు ఉంటే. ఫైబర్ వచ్చే వీధిలో ఉండి ఇంటి నుంచే ఉద్యోగం చేసేవాళ్లు మాత్రం ఫైబరే తీసుకోవడం మేలు. దారి లేక దీన్నే తీసుకుంటున్నవాళ్లు, ఏడాది డబ్బు ఒకేసారి కడితే ఇన్‌స్టలేషన్ ఉచితం అన్నారని ఆశపడకండి. ముందు ఒక నెలకి కట్టి, ఆదివారం రాత్రి తొమ్మిదింటికి స్పీడ్ టెస్ట్ కొట్టి చూడండి. లేదంటే అదే కంపెనీ కనెక్షన్ ఉన్న పక్కింటివాళ్లని అడగండి. డబ్బా బిగించే కుర్రాడు చెప్పనివన్నీ వాళ్లు కాఫీ ఇచ్చి మరీ చెబుతారు.