ఊరి పేరు అరువు తెచ్చుకోవచ్చునా?

మా వదినగారు తణుకులో పూతరేకులు చేయించి అమ్ముతారు. మొదట్లో పెళ్ళిళ్ళకూ పండుగలకూ తెలిసినవారు అడిగితే చేసి ఇచ్చేవారు. ఇప్పుడు ఇంటి ముందుగదే దుకాణమయింది. ఇద్దరు ఆడవాళ్ళు రేకులు తీస్తారు, మరో ఇద్దరు చుడతారు. నిరుడు ఆమె కొడుకు పట్టుబట్టి దుకాణానికొక వెబ్‌సైటు పెట్టించాడు. ఒక సాయంత్రం ఆమె నాకు ఫోను చేసి, "నువ్వు తెలుగు రాస్తావు కదయ్యా, ఈ కీవర్డులేవో నువ్వే చూసిపెట్టు" అన్నారు.

మాటలతో పనే గదా అని ఒప్పుకున్నాను. తీరా దిగాక అందులో ఒక ధర్మసందేహం తగిలింది. ఈ నాలుగు మాటలూ దాని గురించే.

వెబ్‌సైటు తయారుచేసిన కుర్రవాడు అప్పటికే ఒక జాబితా ఇచ్చివున్నాడు. ఎనభైకి పైగా మాటలు. 'స్వీట్స్', 'ఇండియన్ స్వీట్స్', 'హైదరాబాదులో బెస్ట్ స్వీట్స్', చివరకు 'కాజూ కత్లీ' కూడా ఉన్నది. వదినగారి దుకాణంలో కాజూ కత్లీ ఏనాడూ చేసినది లేదు. ఈ మాటలన్నిటినీ అతడు పుటలో పాఠకుడికి కనబడని చోట, కీలకపదాల ట్యాగులో, కూరిపెట్టాడు. వెతుకులాట ఫలితాల వరుసను నిర్ణయించడానికి ఆ ట్యాగును తాము పట్టించుకోమని గూగుల్ సంస్థ 2009లోనే బాహాటంగా ప్రకటించింది. అయినా నేటికీ ఆ పనికి డబ్బు తీసుకునేవారున్నారు, ఇచ్చేవారూ ఉన్నారు. బూడిదలో పోసిన పన్నీరంటే ఇదే.

కీలకపదమంటే మన సరుకుకు మనం తగిలించుకునే బిరుదు కాదు. కొనేవాడు తన అవసరాన్ని తన నోటితో చెప్పుకునే మాట అది. ఆ మాట పుట శీర్షికలోనూ, లోపలి వాక్యాలలోనూ, బొమ్మ కింది వివరణలోనూ సహజంగా కనబడాలి. మరి ఆ మాటలు ఎక్కడ దొరుకుతాయి? నా మటుకు నాకు దుకాణపు బల్ల దగ్గరే దొరికాయి. రెండు వారాలపాటు, ఫోను చేసినవారు ఏ మాటతో అడిగితే ఆ మాటనే ఒక పుస్తకంలో రాయమని వదినగారిని కోరాను. ఆమె ఓపికగా రాశారు. "బెల్లంవి ఉన్నాయాండీ?", "ఎన్నాళ్ళు నిలవుంటాయి?", "అమెరికా తీసుకువెళితే నలిగిపోతాయా?", "పెళ్ళికి మూడొందలు కావాలి, ఎన్ని రోజుల ముందు చెప్పాలి?" ఇట్లా సాగింది ఆ పుస్తకం. 'ఇండియన్ స్వీట్స్' కావాలని అడిగిన మనిషి ఒక్కడూ లేడు.

తిరునాళ్ళలో నిలబడి 'అమ్మా' అని కేకవేస్తే వందమంది తల్లులు తిరిగిచూస్తారు. మన అమ్మకు అది మన గొంతని తెలియాలంటే మరో మాట చేర్చాలి. 'స్వీట్స్' అనే మాట తిరునాళ్ళలో వేసిన కేక. దాని మీద పెద్దపెద్ద సంస్థలు ప్రకటనలకు సొమ్ము గుమ్మరిస్తాయి. నలుగురు పనిచేసే దుకాణం అక్కడ ఎవరి కంటా పడదు. అదే 'బెల్లం పూతరేకులు కిలో ధర' అని వెతికేవారు కొద్దిమందే అయినా, వారు కొనడానికి వచ్చినవారు. 'పూతరేకులు ఎలా చేయాలి' అని వెతికేవారు ఎందరున్నా, వారు చేసుకోదలచినవారే గాని కొనదలచినవారు కారు. వెతికేవారి సంఖ్య ఒక్కటే చూస్తే ఈ తేడా తెలియదు.

అక్షరక్రమం మరొక ముచ్చట. మనవాళ్ళలో చాలామంది తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాలతోనే వెతుకుతారు. 'పూ' అనడానికి కొందరు ఒక 'యు' వాడతారు, కొందరు రెండు 'ఓ'లు. 'త'కు కొందరు 'టి' ఒక్కటే, కొందరు దాని పక్కన 'హెచ్' కూడాను. ఒక్క పూతరేకులకే నాలుగు రూపాలయ్యాయి. కుర్రవాడు నాలుగింటినీ ప్రతి పేరాలోనూ గుప్పించాడు. అక్కరలేదు. ఇలాంటి తేడాలను శోధనయంత్రం చాలావరకు తానే గ్రహిస్తుంది. వాడుకలో ఎక్కువగా ఉన్న రూపమేదో గూగుల్ ట్రెండ్స్‌లో పోల్చి చూసుకుని దాన్ని వాడితే చాలు. దానితోపాటు తెలుగు లిపిలో 'పూతరేకులు' అని రాయడం మరువకూడదు. 2017లో గూగుల్ గొంతు వెతుకులాటలో తెలుగును చేర్చింది. ఇంగ్లీషు అక్షరాల జోలికి పోకుండా ఫోనుతో తెలుగులో మాట్లాడేవారికి ఆ పుట ఎందుకు దొరకకూడదు?

ఇంతవరకు లెక్కల వ్యవహారం. ఇక ధర్మసందేహానికి వస్తాను.

జాబితాలో 'షుగర్ ఫ్రీ పూతరేకులు' అని ఒకటున్నది. బెల్లంతో చేసినవే గదా అని కుర్రవాడి సమర్థన. బెల్లమూ చక్కెరే. మధుమేహమున్న మనిషి ఆ మాట నమ్మి తింటే ఆ పాపం ఎవరిది? దాన్ని కొట్టివేయడానికి నాకు క్షణం పట్టలేదు, వదినగారు కూడా మారు మాట్లాడలేదు.

జాబితాలో మొట్టమొదటి మాట దగ్గర మాత్రం ఇద్దరమూ ఆగిపోయాము. అది 'ఆత్రేయపురం పూతరేకులు'. వెతికేవారిలో అనేకులు ఆ రెండు మాటలనూ జంటగానే వెతుకుతారు. గోదావరికి అవతల కోనసీమలోని ఆ ఊరికీ ఈ మిఠాయికీ అంతటి అనుబంధం. తిరగేసిన కుండ కింద మంటపెట్టి, పలుచని బియ్యప్పిండి జావలో తడిపిన గుడ్డను దానిమీద ఒక్కసారి పరచి తీస్తే, ఊదితే ఎగిరిపోయే రేకు లేస్తుంది. ఆ ఒడుపు తల్లుల నుంచి కూతుళ్ళకు వచ్చింది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

కుర్రవాడి వాదం తేలికగా తోసిపుచ్చేది కాదు. "మైసూరుపాకు మైసూరులోనే చేస్తున్నారా అండీ? అందరూ ఆత్రేయపురమనే పెట్టుకుంటున్నారు. మనమొక్కరమే పెట్టుకోకపోతే మనమొక్కరమే కనబడం" అన్నాడు.

రాత్రంతా ఆలోచించాను. నాకు తోచిన జవాబు ఇది. మైసూరుపాకులో 'మైసూరు' తీసివేస్తే ఆ మిఠాయికి పేరే మిగలదు. కొనేవాడు దాన్ని మైసూరు నుంచి వచ్చిందనుకుని కొనడు, కనుక మోసపోడు. పూతరేకులకు మాత్రం సొంత పేరున్నది. దానిముందు 'ఆత్రేయపురం' అని చేర్చితే ఆ మాట చెప్పేది ఒక్కటే, ఇవి అక్కడ తయారయ్యాయని. తణుకులో చేసినవాటి మీద ఆ మాట అబద్ధం. వస్తువు పుట్టని ఊరిని పుట్టినచోటుగా చెప్పి అమ్మకూడదని భౌగోళిక గుర్తింపుల చట్టం 1999 చెబుతున్నది. చట్టాన్ని పక్కన పెట్టినా, ఆ పేరుకు విలువ తెచ్చినవారు కుండల ముందు సెగకు కూర్చున్న ఆ ఊరి ఆడవాళ్ళు. అరువు తెచ్చుకున్నదానిని ఎప్పుడో ఒకప్పుడు తిరిగి ఇవ్వాలి. ఊరి పేరు వాడుకుని ఆ ఊరికి మనం తిరిగి ఇచ్చేదేమిటి?

ఇక్కడొక మెలిక ఉన్నది. వదినగారి దగ్గర రేకులు తీసేవారిలో పెద్దావిడ పుట్టిల్లు ఆత్రేయపురమే. ఆ పని ఆమె అక్కడే నేర్చుకున్నది. 'ఆత్రేయపురం ఆడపడుచు చేతి రేకులు' అని శీర్షిక పెడితే అబద్ధమూ ఆడనట్లవుతుంది, వెతికేవారికీ కనబడతాము! ఇంత చమత్కారం నాకే తోచిందని ఒప్పుకోవడానికి ఇప్పుడు కొంచెం సిగ్గుగా ఉన్నది. వదినగారు ఆ మాట ఆమెకు చెబితే ఆమె నవ్వి, "మా ఊరివాళ్ళు చూస్తే ఏమనుకుంటారమ్మా?" అన్నదట. నిజమైన మాటలతో కూడా అబద్ధాన్ని నమ్మించవచ్చునని నాకంటె ఆమెకే ముందు తెలిసింది.

చివరకు శీర్షికలో 'తణుకు పూతరేకులు – బెల్లం, పంచదార, జీడిపప్పు' అని పెట్టాము. ఫోనుపుస్తకంలోని ప్రశ్నలను ఉపశీర్షికలుగా చేసి వాటికింద జవాబులు రాశాము. పెద్దావిడ ఎక్కడ పని నేర్చినదో లోపల ఒక వాక్యంలో ఉన్నది, ఆమె అనుమతితోనే. దాని పక్కనే తయారీ తణుకులోనని కూడా రాశాము.

నష్టం లేదనను. ఆత్రేయపురం పేరుతో వెతికేవారికి మేము దాదాపుగా కనబడము. సర్చ్ కన్సోల్‌లో నెలనెలా వచ్చే మాటల జాబితా చిన్నదే. కాని ఆ జాబితాలో కాజూ కత్లీ కోసం వచ్చి విసుక్కుని పోయినవారు లేరు. పెళ్ళికి ఎన్ని రోజుల ముందు చెప్పాలో తెలుసుకోవడానికి వచ్చినవారున్నారు.

అప్పుడప్పుడు ఎవరో ఒకరు ఫోనులో, "మీవి ఆత్రేయపురానివేనాండీ?" అని అడుగుతూనే ఉంటారట. "కాదండీ, తణుకువి. తిని చూసి చెప్పండి" అంటారట వదినగారు. కొందరు పెట్టేస్తారు. కొందరు చిరునామా చెబుతారు.